‘ఫుకట్ వకీలు’ ఎవరి మనిషి?

మా వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకున్న ఆవిడ ఒకరోజు తెల్లవారకముందే మా గేటు తట్టింది. చేతిలో బట్టల మూట లేదు, ప్లాస్టిక్ కవర్లో ఏవో కాగితాలున్నాయి.

"అన్నా, పోరన్ని రాత్రి పట్టుకపోయిన్రు. బండి దొంగతనమంట. ఇయ్యాల నాంపల్లి కోర్టుకు తెస్తమన్నరు. వకీలును మాట్లాడిన. పదిహేను వేలన్నడు. ఐదు చేతుల వెట్టిన. మిగిలినయి యాడికెల్లి తేవాలె?"

నేను చాలా ఏళ్లు కోర్టు బీటు చూసిన విలేకరినని ఆవిడకు తెలుసు. కోర్టే ఉచితంగా లాయర్ని ఇస్తుందక్కా, అది నీ కొడుకు హక్కు అని చెప్పాను. ఆవిడ నా అమాయకత్వానికి జాలిపడినట్టు చూసింది. "ఫుకట్ల వచ్చెటోడు మన కోసం గట్టిగ మాట్లాడ్తడా అన్నా?"

ఆ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే ‘ఫుకట్ల వచ్చే’ ఆ లాయరు ఎవరి మనిషి అన్నది కోర్టులో ఏళ్ల తరబడి తిరిగేవాళ్లకు కూడా చిక్కుముడే. జీతమిచ్చేది ఒకరు, సభ్యత్వం ఇంకొకరి దగ్గర, కాపాడాల్సింది మరొకర్ని. ఉచిత న్యాయ సహాయం మీద మన లాయర్ల సంఘాలు ఒకరోజు జిందాబాద్ అంటాయి, మరో రోజు ముఖం ముడుచుకుంటాయి. ఎందుకో తెలియాలంటే ముందు మూడు పేర్లను విడదీసుకోవాలి.

బార్ కౌన్సిల్, బార్ అసోసియేషన్, లీగల్ సర్వీసెస్ అథారిటీ. పేపర్లో చదివేవాళ్లకు మూడూ ఒకటే అనిపిస్తాయి. బార్ కౌన్సిల్ 1961 నాటి అడ్వకేట్స్ చట్టం కింద ఏర్పడిన సంస్థ. లాయరుగా పేరు నమోదు చేసి సనదు, అంటే ప్రాక్టీసుకు అనుమతి పత్రం, ఇచ్చేది అదే, తప్పు చేస్తే విచారించి ఆ సనదు లాక్కునేదీ అదే. బార్ అసోసియేషన్ అలాంటిది కాదు. అది ఒక కోర్టులో ప్రాక్టీసు చేసే లాయర్లు పెట్టుకున్న సంఘం. హైకోర్టుకు ఒకటి, సిటీ సివిల్ కోర్టుకు ఒకటి, నాంపల్లికి, సికింద్రాబాద్‌కు, రంగారెడ్డి కోర్టులకు వేర్వేరుగా ఉన్నాయి. ఏటా వీటికి ఎన్నికలొస్తే కోర్టు ఆవరణంతా ఫ్లెక్సీలే. విందులు, వాట్సాప్ గ్రూపులు, "అన్నా, ఒక్క ఓటు" అంటూ పలకరింపులు, కార్పొరేటర్ ఎన్నికల కంటే ఏం తక్కువ ఉండదు. ఇక మూడోది, లీగల్ సర్వీసెస్ అథారిటీ. పేదవాడికి లాయర్ని పెట్టాల్సిన బాధ్యత చట్టం దీనికి అప్పగించింది. దీన్ని నడిపేది లాయర్లు కాదు, జడ్జీలు.

జడ్జీల చేతికి ఎందుకెళ్లింది? ఉచిత న్యాయ సహాయ ఉద్యమం అసలు పుట్టిందే జడ్జీల దగ్గర. 1970లో గుజరాత్ ప్రభుత్వం జస్టిస్ పి.ఎన్. భగవతి అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. 1973లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ కమిటీ కేంద్రానికి నివేదిక ఇచ్చింది. 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో 39ఏ అధికరణ చేరింది. డబ్బు లేకపోవడం వల్ల ఎవరికీ న్యాయం దొరక్కుండా పోకూడదని, ఉచిత న్యాయ సహాయం ఏర్పాటు చేయాలని అది రాజ్యానికి చెప్పింది. తర్వాత 1979లో బిహార్ జైళ్ల సంగతి బయటపడింది. పడే శిక్ష కంటే ఎక్కువ కాలం విచారణ ఖైదీలుగానే మగ్గిపోయిన మనుషుల గురించి పత్రికలో వచ్చిన వార్తలు చదివి, కపిలా హింగోరానీ అనే లాయరు సుప్రీంకోర్టుకు వెళ్లారు. అదే హుస్సేనారా ఖాతూన్ కేసు. లాయరు లేకుండా నడిచే విచారణ న్యాయమైన విచారణ కాదని, ఇది జీవించే హక్కు గురించి చెప్పే 21వ అధికరణ కింద హక్కేనని కోర్టు తేల్చింది. మనిషి అడిగేదాకా ఆగకుండా ఆ హక్కును అందించాలని 1986లో సుఖ్ దాస్ కేసులో మరో మెట్టు ఎక్కింది. అడగడం తెలిసినవాడికి సగం సమస్య తీరినట్టే కదా.

పార్లమెంటు 1987లో లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం చేసింది. చేసి అటక మీద పెట్టింది. అది అమల్లోకి వచ్చింది 1995 నవంబరు 9న, అంటే ఎనిమిదేళ్ల తర్వాత. ఆ రోజును ఇప్పుడు ఏటా జాతీయ న్యాయ సేవల దినంగా జరుపుకుంటున్నాం. ఎనిమిదేళ్ల ఆలస్యానికి దండలు, ఫొటోలు బాగానే ఉన్నాయని కోర్టు క్యాంటీన్‌లో ఒక సీనియర్ లాయరు నవ్వుతూ అన్న మాట గుర్తుంది.

లాయర్ల సంస్థలకు ఈ పని చట్టం అప్పగించలేదా అంటే, అప్పగించింది. అడ్వకేట్స్ చట్టంలో 9ఏ సెక్షన్ చూడండి. రాష్ట్ర బార్ కౌన్సిళ్లు లీగల్ ఎయిడ్ కమిటీలు వేసుకోవచ్చని అందులోనే ఉంది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 46వది ఇంకా సూటిగా ఉంటుంది. తన ఆర్థిక స్థోమతకు లోబడి, పేదలకు, అణగారినవారికి ఉచితంగా సహాయం చేయడం లాయరు సమాజానికి బాకీపడ్డ అత్యున్నత బాధ్యతల్లో ఒకటని ఆ నియమం చెబుతుంది. ఇది చదవని లాయరు ఉండకపోవచ్చు, ఎందుకంటే పరీక్షలో అడుగుతారు.

హైదరాబాద్‌కు ఈ విషయంలో తనదైన చరిత్ర ఉంది. ఎమర్జెన్సీ నాటి నుంచి రాజకీయ ఖైదీల కేసులను భుజాన వేసుకున్న కె.జి. కన్నబిరాన్ ఈ నగరం లాయరే. కాకతీయ విశ్వవిద్యాలయంలో లెక్కలు చెప్పే ఉద్యోగం వదిలేసి, పౌరహక్కుల ఉద్యమంలో తిరిగి, తర్వాత నల్లకోటు వేసుకున్న కె. బాలగోపాల్ 2009లో చనిపోయేదాకా చేసిన పని కూడా అదే. ఊరి నుంచి బస్సెక్కి వచ్చిన గిరిజనుడి దగ్గర ఫీజు ప్రస్తావన తేని లాయర్లు వీళ్ల చుట్టూ ఒక తరం తయారయ్యారు. అయితే ఇక్కడ ఒక తేడా ఉంది. కన్నబిరాన్ ఆఫీసు మెట్లెక్కినవాడికి లాయరు దొరికాడు. ఆ మెట్లు ఎక్కడున్నాయో తెలియనివాడి సంగతి? ఒక మనిషి మంచితనం మీద ఆధారపడే సహాయానికీ, రాజ్యం ఇచ్చి తీరాల్సిన సహాయానికీ ఉన్న దూరం అంతే. ఇస్త్రీ బండి ఆవిడ కొడుకుకు కావాల్సింది రెండోది.

మరి ఆ రెండోది ఎవరికి వస్తుంది? తెల్లరేషన్ కార్డు ఉంటేనే వస్తుందని చాలామంది అనుకుంటారు. లీగల్ సర్వీసెస్ చట్టంలోని 12వ సెక్షన్ చూస్తే ఆశ్చర్యపోతారు. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లందరూ అర్హులే. జూబ్లీహిల్స్‌లో ఉండే ఆవిడైనా సరే. పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు, మానవ అక్రమ రవాణాకు బలైనవాళ్లు, కులదాడులు, వరదలు, భూకంపాలు, పారిశ్రామిక ప్రమాదాల బాధితులు, ఫ్యాక్టరీ కార్మికులు, ఇలా జాబితా పెద్దదే. కస్టడీలో ఉన్న ప్రతి మనిషీ అందులో ఉన్నాడు, అతని బ్యాంకు ఖాతాలో ఎంతున్నా సరే. వీటిలో దేనిలోకీ రానివాళ్లకే ఆదాయ పరిమితి. అది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, సుప్రీంకోర్టులో కేసైతే ఏడాదికి 5 లక్షలు. ఆదాయం సంగతి అఫిడవిట్‌లో రాసిస్తే సాధారణంగా సరిపోతుంది. ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ సర్టిఫికెట్ కోసం తిరగనక్కర్లేదని చట్టమే 13వ సెక్షన్‌లో దారి చూపింది. కౌంటర్లో కూర్చున్న గుమస్తాకు ఆ సెక్షన్ గుర్తుండటం మాత్రం మీ అదృష్టం.

రాష్ట్ర అథారిటీ ఆఫీసు పురానీ హవేలీలో, సిటీ సివిల్ కోర్టు ఆవరణలోని న్యాయ సేవా సదన్‌లో ఉంది. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి దీనికి పెద్దదిక్కు, రోజువారీ బాధ్యత మరో న్యాయమూర్తిది. జిల్లాల్లో జిల్లా జడ్జీ, కింద మండల కమిటీలు. ఫోన్ చేయాలంటే 15100. ఈ నంబరు రాసిన పోస్టర్లు కోర్టు గోడల మీద ఉంటాయి. కోర్టుకు రావాల్సి వచ్చాకే కనిపించే చోట, అన్నమాట. అవి పోలీస్ స్టేషన్లలో, బస్టాండ్లలో, జనం తిరిగే చోట ఉండాలని 2024 అక్టోబరులో సుహాస్ చక్మా కేసులో సుప్రీంకోర్టు ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చింది.

ఆ రోజు నాంపల్లికి ఆవిడతో పాటు నేనూ వెళ్లాను. ఐదు వేలు తీసుకున్న వకీలు ఫోన్ ఎత్తలేదు. పదకొండున్నరకు కానిస్టేబుళ్లు ఐదారుగురిని తెచ్చి కోర్టు హాలు బయట వరండాలో కూర్చోబెట్టారు. ఆవిడ కొడుకు చివర్లో, మోకాళ్ల మీద తలపెట్టుకుని ఉన్నాడు. అప్పుడు ఒక చిన్న వయసు లాయరమ్మ వచ్చింది, పాతికేళ్లు దాటి ఉండవు. లీగల్ ఎయిడ్ తరఫున అని చెప్పి, కింద కూర్చుని ఆ కుర్రాడితో మాట్లాడింది. దెబ్బలేమైనా తగిలాయా, ఎప్పుడు పట్టుకున్నారు, ఇంటికి చెప్పారా. తర్వాత తల్లి వైపు తిరిగి, "అమ్మా, బాబు వయసెంత? టెన్త్ మెమో ఉందా?" అంది. ఆవిడ ప్లాస్టిక్ కవర్ విప్పింది. ఆధార్, కరెంటు బిల్లు, కిందెక్కడో మడతలు పడ్డ మెమో. లాయరమ్మ అందులో పుట్టిన తేదీ చూసి వేళ్ల మీద లెక్కపెట్టింది. పద్దెనిమిదేళ్ల నాలుగు నెలలు.

"నాలుగు నెలలు," అంది లాయరమ్మ నాతో, చిన్నగా. ఆ నాలుగు నెలలు లేకపోతే కేసు ఈ కోర్టులో ఉండదు, జువెనైల్ జస్టిస్ బోర్డుకు వెళ్లేది. డబ్బు తీసుకున్న వకీలు ఆ ప్రశ్న అడగనే లేదని తల్లి తర్వాత చెప్పింది.

ఆ లాయరమ్మ 2022లో నల్సా, అంటే జాతీయ లీగల్ సర్వీసెస్ అథారిటీ, తెచ్చిన కొత్త పద్ధతిలో మనిషి. దాని పేరు లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ సిస్టమ్. దానికి ముందంతా ప్యానెల్ పద్ధతి. అథారిటీ కొంతమంది లాయర్లతో ఒక జాబితా పెట్టుకుంటుంది, పేదవాడి కేసు వస్తే అందులో ఒకరికి అప్పగిస్తుంది. వాళ్లు తమ సొంత కేసులు చూసుకుంటూనే దీన్ని కూడా చూడాలి. ఫీజు షెడ్యూలు ప్రకారం, దశలవారీగా, కాగితాలన్నీ పెట్టుకున్నాక వస్తుంది. ఎంత? ఒక మామూలు ప్రైవేటు లాయరు ఒక్క బెయిల్ పిటిషన్‌కు తీసుకునే దానితో పోలిస్తే నవ్వొస్తుంది. దాంతో సీనియర్లు ఆ జాబితా జోలికి రారు, జూనియర్లు అనుభవం కోసం చేరతారు. మంచివాళ్లు ఉన్నారు, చాలామందే. కానీ ఒకే రోజు రెండు హాళ్లలో కేసులుంటే, ఇల్లు గడిపే కేసు వైపే కాళ్లు వెళ్తాయి. దాన్ని తప్పుపట్టడం కష్టం.

క్రిమినల్ కేసుల కోసం వచ్చిన కొత్త పద్ధతి దీన్ని తలకిందులు చేసింది. ఒక ఆఫీసు పెట్టి, చీఫ్, డిప్యూటీ, అసిస్టెంట్ అని కొందరు లాయర్లను పూర్తికాలం పనికి తీసుకుంటారు. చీఫ్‌కు క్రిమినల్ కేసుల్లో కనీసం పదేళ్ల అనుభవం ఉండాలి, డిప్యూటీకి ఏడేళ్లు, అసిస్టెంట్లు కొత్తవాళ్లు. వీళ్లు ప్రైవేటు కేసులు తీసుకోకూడదు. ప్రభుత్వం తరఫున పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఎలా ఉంటాడో, పేద ముద్దాయి తరఫున వీళ్లు అలా ఉండాలన్నది ఆలోచన.

(ముద్దాయి అన్నాను కదా, ఈ నగరంలో ఆ మాటకు ఒక వింత ఉంది. ఉర్దూలో ‘ముద్దయీ’ అంటే దావా వేసినవాడు, ఫిర్యాదుదారు. తెలుగులోకి వచ్చేసరికి నిందితుడైపోయాడు. పాతబస్తీ నుంచి వచ్చిన పెద్దాయనకు తెలుగు లాయరు "మీరు ముద్దాయి" అంటే ఆయన సంబరపడినా ఆశ్చర్యం లేదు.)

బార్ అసోసియేషన్ల ముఖం ముడుచుకున్నది ఇక్కడే. ప్యానెల్‌లో వందల మందికి చోటుంటుంది, ఆఫీసులో పట్టేది కొద్దిమంది. అంటే జూనియర్లకు ఒక చిన్న ఆదాయం పోయినట్టే. పైగా ఎంపిక జడ్జీల చేతిలో. జీతం తీసుకునే లాయరు జడ్జీకి ఎదురు మాట్లాడగలడా అన్న అభ్యంతరం కూడా ఉంది. మొదటిది పొట్టకు సంబంధించినది, రెండోది నిజంగా ఆలోచించాల్సినది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో ఇది ముదిరి పాకాన పడింది. అక్కడి బార్ ఈ పథకంలో చేరిన లాయర్ల సభ్యత్వాన్నే సస్పెండ్ చేసింది, గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది. మన దగ్గర అంత దూరం పోలేదు. కానీ "అది ఆళ్ల పని, మనది కాదు" అన్న ధోరణి ఏ బార్ రూములో కూర్చున్నా వినిపిస్తుంది.

నా ఉద్దేశంలో అసలు చిక్కు ఇక్కడుంది. లాయర్ల సంఘానికి ఒకేసారి మూడు పాత్రలు. సభ్యుల బతుకుతెరువు కాపాడాలి. సభ్యుల్లోంచే పేదల కోసం నిలబడే మనుషుల్ని ఇవ్వాలి. వ్యవస్థ తప్పు చేస్తే నిలదీయాలి. మొదటిది రోజూ గుర్తుంటుంది, మూడోది ఉద్యమమప్పుడు గుర్తొస్తుంది, రెండోది నవంబరు 9న గుర్తొస్తుంది.

ఉద్యమం చేయడం తెలియదని మన లాయర్లను ఎవరూ అనలేరు. తెలంగాణ ఉద్యమంలో నల్లకోట్లు ముందు వరుసలో ఉన్నాయి. 2010లో హైకోర్టులో లా ఆఫీసర్ల (ప్రభుత్వ లాయర్ల) పదవుల్లో తెలంగాణ వాళ్లకు 42 శాతం వాటా ఇవ్వాలని దీక్షలు చేశారు. రాష్ట్రం వచ్చాక ప్రత్యేక హైకోర్టు కోసం మళ్లీ రోడ్డెక్కారు. 2016లో రెండు తెలుగు రాష్ట్రాల మధ్య జడ్జీల కేటాయింపు మీద గొడవలో కింది కోర్టుల జడ్జీలే నిరసనకు దిగారు, కొందరు సస్పెండయ్యారు. చివరికి 2019 జనవరి 1న తెలంగాణకు సొంత హైకోర్టు వచ్చింది. నేను ఆ రోజుల్లో కోర్టుల చుట్టూ తిరిగాను, ఆ కోరికలో న్యాయం ఉందని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

కానీ విధుల బహిష్కరణ రోజున ఎవరు నష్టపోతారో కూడా ఆ తిరుగుడులోనే చూశాను. సివిల్ దావా వాయిదా పడితే భూమి ఎక్కడికీ పోదు. బెయిల్ పిటిషన్ వాయిదా పడితే చంచల్‌గూడ జైల్లోనో, చర్లపల్లి జైల్లోనో ఒక మనిషి ఇంకో వారం లోపలుంటాడు. అతను లీగల్ ఎయిడ్ మనిషే అయితే, అతని లాయరు కూడా అదే బార్ సభ్యుడు. బహిష్కరణను కాదని లోపలికి వెళ్తే సాయంత్రం బార్ రూములో ముఖం ఎలా చూపించాలి? లాయర్లకు సమ్మె హక్కు లేదని సుప్రీంకోర్టు హరీశ్ ఉప్పల్ కేసులో 2002లోనే చెప్పింది. చెప్పినంత మాత్రాన ఆగలేదని మనందరికీ తెలుసు.

ఇంకో అడుగు ముందుకేసి, ఫలానా నిందితుడి తరఫున ఎవరూ వాదించొద్దని సంఘాలు తీర్మానం చేయడం కూడా చూశాం. 2019 చివర్లో, శంషాబాద్ దగ్గర పశువైద్యురాలి మీద జరిగిన ఘోరం తర్వాత షాద్‌నగర్ లాయర్లు నిందితుల తరఫున నిలబడబోమని ప్రకటించారు. ఆ రోజు జనంలో ఉన్న కోపం ముందు అది చాలామందికి సహజంగానే అనిపించింది. డిసెంబరు 6 తెల్లవారుజామున నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటకొచ్చి, ఆ కాల్పులను తప్పుబట్టింది. లాయరు ఉంటే వాళ్లు బతికేవారని నేను అనను, ఎవరూ అనలేరు. కానీ లాయరు అనేవాడు పక్కనుంటే, ఆ మనుషుల్ని ఎప్పుడు ఎక్కడికి తీసుకెళ్తున్నారని అడిగే గొంతు ఒకటి ఉంటుంది. ఇలాంటి తీర్మానాలు చెల్లవని, లాయరు వృత్తిధర్మానికే విరుద్ధమని సుప్రీంకోర్టు 2010లోనే మహమ్మద్ రఫీ కేసులో కొట్టేసింది. ముంబై దాడుల కసబ్ లాంటివాడికి కూడా లాయర్ని పెట్టి మరీ విచారించిన దేశం ఇది. ఆ కేసులోనే 2012లో కోర్టు ఇంకో మాట చెప్పింది: మొదటిసారి హాజరుపరిచినప్పుడే, నీకు లాయరు హక్కు ఉంది, డబ్బు లేకపోతే మేం పెడతాం అని మేజిస్ట్రేటు ప్రతి ఒక్కరికీ చెప్పి తీరాలి.

లోక్ అదాలత్ సంగతి కూడా ఒక్క మాట చెప్పుకోవాలి, ఎందుకంటే లీగల్ ఎయిడ్ అంటే చాలామందికి గుర్తొచ్చేది అదే. మూడు నెలలకోసారి పేపర్లో లక్షల కేసులు పరిష్కారం అని వార్త వస్తుంది. అందులో చలాన్లు, చెక్ బౌన్స్‌లు, బ్యాంకు బాకీలు ఎక్కువ. రాజీ కుదిరితే కోర్టు ఫీజు వెనక్కొస్తుంది, తీర్పు మీద అప్పీలు ఉండదు. మంచిదే. కానీ రాజీ పడటానికి సాయం చేయడం వేరు, పోరాడటానికి లాయర్ని ఇవ్వడం వేరు. రెండో పనికి లెక్కలు అంత మెరవవు, అందుకే పేపర్లో కనిపించదు.

మళ్లీ నాంపల్లికి వస్తాను. మొదటి రోజు రిమాండ్ పడింది. లాయరమ్మ బెయిల్ పిటిషన్ వేసింది, మరో వాయిదాకు బెయిల్ వచ్చింది. తల్లి నాకు ఫోన్ చేసి ఏడ్చింది, సంతోషంతో. తర్వాత తెలిసింది, ఇద్దరు షూరిటీలు కావాలని. ఇంటి పన్ను రసీదు ఉన్నవాళ్లు, తలో పదివేలకు పూచీ పడేవాళ్లు. ఇస్త్రీ బండి ఆవిడకు అద్దె ఇంటి ఓనరు తప్ప సొంతిల్లున్న మనిషి ఎవరూ తెలీదు. ఓనరు తల అడ్డంగా ఊపాడు. కోర్టు గేటు దగ్గర ఒకాయన మూడు వేలకు షూరిటీ తెస్తానన్నాడు. కిరాయి షూరిటీ అంటే దొంగ కాగితాలు, దొరికితే ఇంకో కేసు. ఆ వైపు పోవద్దని లాయరమ్మ గట్టిగా చెప్పింది.

బెయిల్ వచ్చినా గేటు దాటలేని ఈ పరిస్థితి కొత్తది కాదు. 1978లో మోతీరామ్ అనే మేస్త్రీకి 10,000 రూపాయల షూరిటీ అడిగి, అతని అన్నదమ్ముడు వేరే జిల్లావాడని ఆ పూచీని తోసిపుచ్చారు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ కేసులో, పేదవాడికి పెద్ద మొత్తం పూచీ అడగడం బెయిల్ నిరాకరించడమేనని తేల్చారు. 45 ఏళ్ల తర్వాత, 2023 జనవరిలో సుప్రీంకోర్టు మళ్లీ అదే రాయాల్సి వచ్చింది. బెయిల్ ఆర్డరు అదే రోజో మర్నాడో జైలుకు మెయిల్ చేయాలి. ఏడు రోజుల్లో మనిషి బయటకు రాకపోతే జైలు సూపరింటెండెంట్ లీగల్ సర్వీసెస్ అథారిటీకి చెప్పాలి. నెలలోగా పూచీకత్తు ఇవ్వలేకపోతే కోర్టే షరతులు సడలించడం గురించి ఆలోచించాలి. స్థానిక షూరిటీయే కావాలని పట్టుబట్టకూడదు. బిహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చి ఇక్కడ స్లాబులు పోసే మనుషులున్న ఈ నగరానికి ఆ చివరి మాట చాలా ముఖ్యం. 2023లోనే కేంద్రం ఒక పథకం పెట్టింది, పేద విచారణ ఖైదీకి బెయిల్ కోసం 40,000 రూపాయల దాకా కట్టొచ్చని అప్పట్లో చెప్పింది. దీని గురించి బార్ రూముల్లో మాట్లాడేవాళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. 2022 నాటి జాతీయ లెక్కల ప్రకారం దేశంలో జైళ్లలో ఉన్నవాళ్లలో దాదాపు 76 శాతం ఇంకా నేరం రుజువు కానివాళ్లు. వాళ్లలో ఎంతమంది షూరిటీ లేక ఆగిపోయారో ఊహించుకోవచ్చు.

లాయర్ల సంఘాలు లీగల్ ఎయిడ్ కోసం పోరాడాలంటే పోరాడాల్సింది ఇలాంటి చోటే. ప్యానెల్ ఫీజు పెంచాలని అడగడంలో తప్పేమీ లేదు, పెంచాల్సిందే. డిఫెన్స్ కౌన్సెల్ పోస్టుల ఎంపిక బహిరంగంగా జరగాలనడం కూడా న్యాయమే. కానీ అంతకంటే ముందు అడగాల్సింది అరెస్టయిన మొదటి గంటల గురించి. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త బీఎన్ఎస్ఎస్‌లో 38వ సెక్షన్ ప్రకారం, పోలీసులు ప్రశ్నించే సమయంలో లాయర్ని కలిసే హక్కుంది. అరెస్టుకు ముందు, అరెస్టప్పుడు, రిమాండప్పుడు సాయం అందాలని నల్సా 2019లోనే ఒక పద్ధతి రాసిపెట్టింది. స్టేషన్‌లో రాత్రి పదింటికి ఆ హక్కును ఎవరు అమలు చేయించాలి? అథారిటీకి అంతమంది మనుషులు లేరు. బార్ అసోసియేషన్లకు ఉన్నారు. ఒక్కో స్టేషన్ పరిధికి ఇద్దరు జూనియర్లు వారానికి ఒక రాత్రి ఫోన్ పక్కన పెట్టుకుంటే చాలు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఎన్నికల ఫ్లెక్సీ మీద రాసుకునే ధైర్యం కావాలి.

షూరిటీ సంగతి ఎలా తీరిందంటే, లాయరమ్మ షరతు సడలించమని ఒక చిన్న పిటిషన్ వేసింది. ఒక్క షూరిటీ చాలన్నారు. మా కాలనీలోనే పాలు పోసే పెద్దాయన, సొంతిల్లున్నాయన, ఇంటి పన్ను రసీదు పట్టుకుని వచ్చి సంతకం పెట్టాడు. బెయిల్ వచ్చిన పన్నెండో రోజు సాయంత్రం కుర్రాడు బయటకొచ్చాడు. ఐదు వేలు తీసుకున్న వకీలు అంతవరకూ ఒక్కసారి కూడా రాలేదు. డబ్బు వెనక్కి అడగమంటే ఆవిడ, "పోనీ అన్నా, మళ్ల ఏ అవుసరం పడ్తదో" అంది.

ఇప్పుడు కేసు ఛార్జిషీటు దశలో ఉంది. ప్రతి వాయిదాకు ఆవిడ బండి మూసి కొడుకుతో వెళ్తుంది. మొన్న నా చొక్కాలు తెచ్చిచ్చినప్పుడు, పక్క వీధి పోరడొకడు ఏదో కొట్లాట కేసులో స్టేషన్‌లో ఉన్నాడని చెప్పింది. వాళ్ల అమ్మకు నంబరు ఇచ్చావా అని అడిగాను. ఇచ్చిందట. "నమ్ముతలేదన్నా. ఫుకట్ల వచ్చెటోడు మంచిగ మాట్లాడ్తడా అంటున్నది. రేపు నేనే తోలుకపోత."